నాన్నగారి పాత డిపాజిట్టు, పంచాయతీకి ఇంటి పన్ను బకాయి: ఒకదానికొకటి చెల్లు వేసుకోవచ్చునా?

కొబ్బరితోట, రాజోలు దగ్గర

అందరికీ నమస్కారం. విషయం కొంచెం పొడుగే అయినా, అన్నీ చెబితే గానీ సరైన సలహా ఇవ్వడం మీకు కుదరదని పూర్తిగా రాస్తున్నాను.

మా నాన్నగారు 2011లో కాలం చేశారు. గత నెలలో అమ్మ గదికి సున్నం వేయించడానికి సామాను వరండాలో పెడుతుంటే, చెక్క బీరువా అడుగు అరలో పాత పంచాంగాల కింద ఆంధ్రా బ్యాంకు పాస్ పుస్తకం ఒకటి, 1999లో మూడేళ్ల గడువుతో 20,000 రూపాయలకు తీసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్టు రసీదు ఒకటి బయటపడ్డాయి. రసీదు మడతల దగ్గర చిరిగింది గానీ అంకెలు, తేదీ, బ్రాంచి ముద్ర ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. వెనుకవైపు నాన్నగారి చేతిరాతతో, పెన్సిలుతో, "దింపు డబ్బు, పిల్ల పెళ్లికి" అని రాసి ఉంది. దింపు అంటే మా వైపు కొబ్బరికాయలు దించడం. మా చెల్లెలి పెళ్లి 2004లో జరిగింది. అప్పుడు అప్పు చేసి పెళ్లి చేశారు. ఈ రసీదు మాట నాన్నగారు మరిచిపోయారో, వేరే కారణం ఉందో, ఇప్పుడు చెప్పగలిగేవారు లేరు.

ఆ వారంలోనే మా పంచాయతీ నుంచి డిమాండు నోటీసు వచ్చింది. నాన్నగారి పేరు మీదే ఉన్న పెంకుటింటికి ఎనిమిదేళ్ల ఇంటి పన్ను, కుళాయి రుసుము, దీపాల పన్ను కలిపి 11,460 రూపాయలు కట్టాలని అందులో ఉంది. ఆ ఎనిమిదేళ్లలో రెండేళ్లకు నేను కట్టిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. మిగిలిన ఆరేళ్లు కట్టని మాట నిజమే, ఆ తప్పు నాదే.

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. ఈ సంగతి చెప్పగానే, అక్కడ ఎవరికైనా ప్రభుత్వం దగ్గర నిలిచిపోయిన డబ్బు తిరిగి వచ్చేటప్పుడు, వారు నగరానికో కౌంటీకో (మన జిల్లా వంటిది) బాకీ ఉంటే ఆ బాకీని ముందు మినహాయించుకుని మిగిలింది ఇస్తారని అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మా ఊళ్లో మూడో వంతు ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి. కొందరు కువైట్‌లో, కొందరు హైదరాబాదులో ఉన్నారు. మంచినీళ్ల మోటారు కాలిపోతే బాగుచేయించడానికి పంచాయతీ దగ్గర డబ్బు లేక పోయిన వేసవిలో పదకొండు రోజులు ట్యాంకరు తెప్పించుకున్నాము. ఆ తాళాల ఇళ్లవారిలో ఎందరికి ఇటువంటి పాత ఖాతాలు ఉన్నాయో ఎవరు చెప్పగలరు?

నేను అడుగుతున్నది ఇది. నాన్నగారి డిపాజిట్టు నుంచి పంచాయతీ బకాయిని నేరుగా మినహాయించుకోమని బ్యాంకుకు గానీ పంచాయతీకి గానీ రాసి ఇవ్వవచ్చునా? మన దగ్గర కూడా అటువంటి పద్ధతి వస్తే మంచిదేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాత లెడ్జరు, పాలకొల్లు

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాడిని. మొదటి మాట, ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, ధైర్యంగా ఉండండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత బ్యాంకు పేరుతో ఉన్నా ఆ రసీదు చెల్లుతుంది. ఆ బ్రాంచి పుస్తకాలు ఇప్పుడు ఏ బ్రాంచిలో ఉన్నాయో కనుక్కుని అక్కడికి వెళ్ళండి.

జరిగింది ఏమిటంటే, పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్న డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి పంపాలని బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 26ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని కింద పథకం 2014లో వచ్చింది. మీ నాన్నగారి డిపాజిట్టు గడువు 2002లో తీరింది కాబట్టి, పథకం వచ్చేనాటికే పదేళ్లు దాటిన మొదటి జాబితాలోనే అది వెళ్లి ఉంటుంది. డబ్బు రిజర్వు బ్యాంకుకు చేరినా మీకు సమాధానం చెప్పవలసింది మాత్రం మీ బ్యాంకే. వారసులు వచ్చి అడిగితే బ్యాంకు ముందు చెల్లించి, తరువాత ఆ నిధి నుంచి తెప్పించుకుంటుంది. ఇన్నేళ్లలోపు అడగకపోతే హక్కు పోతుందన్న గడువు ఏదీ లేదు.

వడ్డీ గురించి అందరూ అడుగుతారు కనుక చెబుతున్నాను. నిధికి వెళ్ళిన నాటి నుంచి 2018 జూన్ 30 వరకు ఏడాదికి 4 శాతం, అక్కడి నుంచి 2021 మే 10 వరకు 3.5 శాతం, ఆ మరునాటి నుంచి 3 శాతం ఇస్తున్నారు. ఇదంతా సాధారణ వడ్డీయే, చక్రవడ్డీ కాదు. 2014 జూలైలో నిధికి చేరిన ప్రతి వెయ్యికి మొదటి నాలుగేళ్లలో 160 రూపాయలు, తరువాతి దఫాలో సుమారు 100, ఆపైన ఏటా 30 చొప్పున కలుస్తుంది. నిధికి వెళ్ళకముందు 1999 నుంచి ఉన్న వడ్డీ వేరే లెక్క. దాన్ని కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగండి.

వెళ్ళే ముందు, అడగని డిపాజిట్లు ఏ బ్యాంకులో ఉన్నాయో వెతుక్కునే వెబ్‌సైటు అయిన ఉద్గమ్ పోర్టల్‌లో ఒకసారి వెతకండి. రిజర్వు బ్యాంకు దీన్ని 2023 ఆగస్టు 17న ఏడు బ్యాంకులతో మొదలుపెట్టింది. 2024 మార్చి నాటికి ముప్పై బ్యాంకులు చేరాయి. ఆ ముప్పై కలిపితే నిధిలోని డిపాజిట్ల విలువలో తొంభై శాతం దాకా ఉంటుంది. ఇక్కడ మన వైపు పేర్ల దగ్గర ఒక చిక్కు వస్తుంది. పాత లెడ్జర్లలో ఒకే మనిషి పేరును ఒక చోట ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు పెట్టి, మరో చోట ఇంటిపేరు పూర్తిగా చివర పెట్టి, ఇంకో చోట వెంకట అనే మాట ఎగరగొట్టి రాసేవాళ్ళము. నేనే రాశాను, అందుకే చెబుతున్నాను. సత్యనారాయణ అన్న పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసిన ఖాతాలు ఒకే బ్రాంచిలో చూశాను. అందువల్ల ఒకసారి వెతికి కనబడలేదని వదిలేయకండి, పేరును అటూ ఇటూ మార్చి వెతకండి. దొరికితే ఒక సూచిక సంఖ్య వస్తుంది, దాన్ని రాసుకుని బ్రాంచిలో చూపిస్తే వారికి పని సులువవుతుంది. డబ్బు అడగడం మాత్రం బ్రాంచిలోనే, పోర్టల్‌లో కాదు.

రసీదు మీద నామినీ పేరు ఉంటే పని తేలిక. లేకపోతే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలి. మరణించిన ఖాతాదారుల క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. వాటి ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల వరకు, వివాదం ఏమీ లేనప్పుడు, కోర్టు నుంచి వారసత్వ పత్రం తెమ్మనకుండా తేలిక పద్ధతిలో తేల్చాలి. కాగితాలన్నీ ఇచ్చిన పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వాలి.

ఇక మీరు అడిగిన దానికి జవాబు. పంచాయతీ వచ్చి అడిగినంత మాత్రాన బ్యాంకు ఆ డబ్బు ఇవ్వదు, ఇవ్వకూడదు. క్లెయిము అంగీకరించాక అది మీ ఖాతాలో పడుతుంది, అందులోంచి మీరు ఎవరికి కట్టినా మీ ఇష్టం. అయితే ఒక జాగ్రత్త. మీ నాన్నగారికి అదే బ్యాంకులో పంట రుణం బాకీ ఉండి ఉంటే, బ్యాంకు తన బాకీని ఆ డిపాజిట్టులో చెల్లు వేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. ఆ సంగతి ముందే కనుక్కోండి. అలాగే ఊళ్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వేసిన డిపాజిట్లు ఈ నిధిలోకి రావు, ఆ సంఘాలు ఈ చట్టం ప్రకారం బ్యాంకులు కావు. నాన్నగారికి సంఘంలో కూడా ఏమైనా ఉందేమో వేరుగా అడగండి.

భీమవరం ఆడపడుచు, శాక్రమెంటో

మీ తమ్ముడుగారు చెప్పింది నిజమే, అయితే అందులో మీకు చేరని భాగం ఒకటి ఉంది. నేను ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా లెక్కల పని చేస్తున్నాను కాబట్టి ఈ పద్ధతిని దగ్గరగా చూశాను.

కాలిఫోర్నియాలో మూడేళ్లపాటు కదలిక లేని బ్యాంకు ఖాతాలు, బీమా సొమ్ము వంటివాటిని కంపెనీలు, రాష్ట్ర ప్రభుత్వ లెక్కలు చూసే కంట్రోలర్ కార్యాలయానికి అప్పగించాలి. కొన్నిటికి గడువు వేరుగా ఉంటుంది, తీసుకోని జీతం చెక్కులకు ఏడాదే. సొంతదారు ఎప్పుడు వచ్చి అడిగినా ఇస్తారు. మరోవైపు ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు అనే పన్ను శాఖ, కంట్రోలర్ తరఫున ఒక కార్యక్రమం నడుపుతుంది. దీని కింద ఆదాయపు పన్ను రిఫండు, లాటరీ గెలుపు, ఈ అడగని సొమ్ము, ఈ మూడింటిలో ఏది చెల్లించేటప్పుడైనా ఆ మనిషి ప్రభుత్వ సంస్థలకు పడిన బాకీని ఆపి ఆ సంస్థకు పంపుతారు. నగరాలు, కౌంటీలు, ప్రభుత్వ కళాశాలలు కూడా ఇందులో చేరవచ్చు. కట్టని ఆస్తి పన్ను, కోర్టు జరిమానా, కారు తప్పు చోట నిలిపినందుకు వేసిన జరిమానా కూడా ఇలా వసూలవుతాయి.

మీకు చేరని భాగం ఇది. బాకీ ఉందని చెప్పే సంస్థ ముందుగా ఆ మనిషికి ఉత్తరం రాయాలి. ఫలానా బాకీ ఉంది, కట్టండి, లేదా ఇది తప్పు అనుకుంటే చెప్పండి అని ముప్పై రోజుల గడువు ఇవ్వాలి. ఆ తరువాతే పేరు పంపాలి. సొమ్ము ఆపిన తరువాత కూడా ఎవరు ఆపించారో, ఎవరిని అడగాలో తెలుపుతూ మరో ఉత్తరం వస్తుంది. ఇంకొకటి, ఈ పద్ధతి పనిచేసేది ఇక్కడ ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరు మీద. పేరు మీద కాదు. నగరం దగ్గర ఆ మనిషి నంబరు లేకపోతే బాకీని జత చేయడం కుదరదు.

మరొక మాట కూడా చెప్పాలి. రాష్ట్రం తన దగ్గరున్న సొమ్ము రాశిలో బాకీదారుల కోసం వెతికి తీసుకోదు. సొంతదారు వచ్చి అడిగి, క్లెయిము మంజూరై, చెక్కు రాసే వేళకు మాత్రమే బాకీ చూస్తారు. అంటే ముందు మనిషి తన సొమ్మును కనుక్కోవాలి. నా ఎరుకలో ఒక తెలుగు కుటుంబం ఏళ్ల కిందట ఊరు మారినప్పుడు వదిలేసిన అద్దె అడ్వాన్సును ఇలా అడిగితే, పాత పార్కింగు జరిమానా ఒకటి మినహాయించి మిగిలింది పంపారు. వారు నొచ్చుకోలేదు, ఎందుకంటే జరిమానా ఉత్తరం అంతకుముందే వచ్చింది, వారే పక్కన పడేశారు. ఉత్తరం పాత చిరునామాకు పోయి, చేతికి అందకపోయి ఉంటే మాత్రం ఆ కుటుంబం మరోలా మాట్లాడేది.

కాలువగట్టు, ముమ్మిడివరం దగ్గర

పంచాయతీ కార్యదర్శిగా చేసి విరమించాను. మోటారు కాలిపోయి పదకొండు రోజులు నీళ్లు లేకపోవడం చదివి బాధ కలిగింది. నేను పనిచేసిన ఊళ్ళలోనూ ఇదే. ఇంటి పన్ను పంచాయతీకి సొంత ఆదాయంలో ముఖ్యమైనది. వీధి దీపాలు, మురుగు కాలువలు, మోటారు మరమ్మతు, అన్నీ అందులోంచే చూసుకోవాలి. దానిలోనే రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. పన్ను రాకపోతే ఇవన్నీ వరుసగా ఆగిపోతాయి. కాబట్టి బకాయి వసూలుకు కొత్త దారి దొరుకుతుందంటే సంతోషించవలసినవాళ్లలో నేను మొదటివాడిని.

అయినా, ఎవరినీ అడగకుండా మినహాయించే పద్ధతి మన దగ్గర పెట్టడానికి నేను ఒప్పుకోను. కారణం మన డిమాండు రిజిస్టరు, అంటే ఏ ఇంటికి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకం.

నేను ఒక ఊరికి బదిలీ మీద వెళ్ళిన కొత్తలో ఒక ముసలావిడ నోటీసు పట్టుకుని కార్యాలయానికి వచ్చారు. భర్త పేరు మీద రెండు ఇళ్లకు పన్ను బకాయి చూపించారు. ఆవిడ ఉండేది ఒక్క ఇంట్లోనే. రెండో ఇల్లు ఏదని అడిగితే నన్ను వెంటబెట్టుకుని తీసుకువెళ్ళారు. అక్కడ నాలుగు కొబ్బరి చెట్లు, అరుగు రాళ్లు మూడు, గచ్చు ముక్క ఒకటి ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఆ ఇల్లు పడిపోయింది, మళ్ళీ కట్టలేదు. రిజిస్టరులో మాత్రం ఆ ఇంటి నంబరు ఏటేటా కొత్త పుస్తకంలోకి ఎక్కుతూ, బకాయి పెరుగుతూ వచ్చింది. పాత పుస్తకం చూసి కొత్త పుస్తకం రాసేవారు తప్ప వీధిలోకి వెళ్లి చూసినవారు లేరు. ఆ ఇంటిని రిజిస్టరు నుంచి తీయించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆవిడ భర్త పేరు మీద ఏ బ్యాంకులోనో నాలుగు వేలు ఉండి, ఈ బకాయి కింద వాటంతటవే పోయి ఉంటే, లేని ఇంటికి ఆవిడ పన్ను కట్టినట్లు అయ్యేది. ఆ సంగతి ఆవిడకు తెలిసేది కూడా కాదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. చనిపోయినవారి పేర్లు, వాటాలు పంచుకున్నా పేరు మారని ఇళ్లు, ఏటి ఒడ్డు కోసుకుపోయి లంకల్లో కొట్టుకుపోయిన ఇళ్లు, ఇవన్నీ రిజిస్టర్లలో ఉండేవి. రసీదు ఇచ్చి రిజిస్టరులో జమ వేయడం మరచిపోవడం కూడా జరుగుతుంది. మీ రెండేళ్ల రసీదుల సంగతి అదే అయి ఉంటుంది. రసీదు నంబరు, తేదీ రాసి, నకళ్లు జతచేసి, కార్యదర్శిగారికి కాగితం ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. అసలు రసీదులు ఇవ్వకండి. వారు తమ దగ్గరున్న రసీదు పుస్తకం నకలుతో సరిచూసి జమ వేయాలి.

నాకు తోచిన దారి వేరే ఉంది. పంచాయతీ మినహాయించుకోవడం కాకుండా, పంచాయతీయే ప్రజలకు వారి సొమ్ము కనిపెట్టి పెట్టడం. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు ఉన్నాయి, అక్కడ కంప్యూటరు, డిజిటల్ అసిస్టెంటు ఉన్నారు. ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరిదో వారే చెప్పుకుంటూ, ఇంటి యజమాని తన పేరు మీదో, చనిపోయిన తల్లిదండ్రుల పేరు మీదో సచివాలయంలో కూర్చుని వెతికించుకోవచ్చు. 2023 జూన్ 1 నుంచి వంద రోజులపాటు ప్రతి బ్యాంకూ ప్రతి జిల్లాలో తన దగ్గరున్న అడగని డిపాజిట్లలో పెద్దవి వంద తేల్చాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కేంద్రం "మీ డబ్బు మీ హక్కు" పేరుతో జిల్లాల్లో శిబిరాలు పెట్టించింది. శిబిరం జిల్లా కేంద్రంలో పెడితే సఖినేటిపల్లి నుంచో అంతర్వేది నుంచో వెళ్ళే ముసలివాళ్లు ఎందరు? అదే ఊళ్లో గ్రామసభ రోజున పెడితే, సొమ్ము దొరికినవాడికి పన్ను గుర్తు చేస్తే కడతాడు. నా అనుభవంలో పన్ను ఎగ్గొట్టేవారికంటే చేతిలో ఆ రోజు డబ్బు లేక వాయిదా వేసేవారే ఎక్కువ.

పనిలో పనిగా, నీటి తీరువా బకాయి ఉంటే అది పంచాయతీది కాదు, రెవెన్యూ వారిది. ఆ రెండూ కలిపి చూడకండి.

ప్లీడరు, నరసాపురం

ముందు చట్టం మాట, తరువాత మీ కుటుంబం మాట.

చెల్లు వేసుకోవాలంటే బాకీలు ఇద్దరి మధ్య ఎదురెదురుగా ఉండాలి. నేను మీకు ఇవ్వాలి, మీరు నాకు ఇవ్వాలి, అప్పుడు చెల్లు. ఇక్కడ మీకు ఇవ్వవలసింది బ్యాంకు, దాని వెనుక రిజర్వు బ్యాంకు నిధి. మీరు ఇవ్వవలసింది పంచాయతీకి. ముగ్గురు వేరువేరు. కాలిఫోర్నియాలో సొమ్ము దాచేది, బాకీ ఆపేది ఒకే రాష్ట్ర ప్రభుత్వం, అదీ శాసనం చేసి. మన దేశంలో దీనికి కొంచెం దగ్గరగా ఉన్నది ఆదాయపు పన్ను రిఫండు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రిఫండును పాత పన్ను బకాయికి సర్దుకోవచ్చు, అదీ ముందు లిఖితంగా తెలియజేసిన తరువాతనే. అక్కడ ఇవ్వవలసిందీ, తీసుకోవలసిందీ ఒకే శాఖ. పంచాయతీకి అటువంటి అధికారం ఇచ్చే శాసనం లేకుండా ఎవరూ మీ డిపాజిట్టులో చేయి పెట్టలేరు. శాసనాధికారం లేనిదే పన్ను వేయరాదు, వసూలు చేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. శాసనం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300ఏ చెబుతుంది.

ఇప్పుడు మీ విషయం. దీన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు గానీ అసలు ముడి ఇదే. మీ నాన్నగారు 2011లో పోయారు. బకాయి ఎనిమిదేళ్లది, అంటే ఆయన పోయిన చాలా ఏళ్లకు మొదలైనది. ఆ పన్నులో ఒక్క రూపాయి కూడా ఆయన బాకీ కాదు. రిజిస్టరులో ఆయన పేరు ఉండడం వల్ల మాత్రమే ఆయన బాకీలా కనిపిస్తోంది. ఆయన బతికి ఉండగా చేసిన అప్పు అయితే, ఆయన వదిలిన ఆస్తి మేరకు వారసులు బాధ్యులని సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ చెబుతుంది. ఇది ఆ కోవలోకి రాదు. ఇది ఆ ఇంటి ఇప్పటి యజమానుల బాకీ, న్యాయంగా చూస్తే ఆ ఇంట్లో ఉంటున్న మీ బాకీ.

డిపాజిట్టు అలా కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి, మీ చెల్లెలికి సమానంగా చెందుతుంది. మీ నాయనమ్మగారు 2011 నాటికి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా. నామినీగా ఎవరి పేరు ఉన్నా, నామినీ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కాడని సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు డిపాజిట్టు విషయంలోనే చెప్పింది. మీరు అనుకున్నట్లు డిపాజిట్టు నుంచి నేరుగా పన్ను మినహాయిస్తే, ఆ ఇంట్లో ఉండని మీ చెల్లెలి వాటా నుంచి మీ ఇంటి పన్ను కట్టినట్లు అవుతుంది. రసీదు వెనుక మీ నాన్నగారు ఏమి రాశారో మీరే చెప్పారు. పెన్సిలు రాత వీలునామా కాదు, దానికి చట్టంలో బలం లేదు. అయినా మీరు దాన్ని చదివారు.

కాలిఫోర్నియా పద్ధతి మన దగ్గరికి యథాతథంగా రావడం వల్ల వచ్చే ప్రమాదం కూడా ఇదే. అక్కడ సొమ్ము మనిషిది, బాకీ మనిషిది, నంబరు ఒక్కటి. మన వైపు సొమ్ము నలుగురు వారసులది, బాకీ ఇంటిది, పేరు మాత్రం చనిపోయినవారిది.

చివరగా, వారసులు ఎవరూ లేనివారి సొమ్ము సంగతి ఎవరికైనా సందేహం ఉండవచ్చు. హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అటువంటి ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది, కానీ వారసుడికి ఉండే బాధ్యతలన్నిటితో సహా చేరుతుంది. కాబట్టి ఊళ్లో ఎవరూ లేక పోయిన మనిషి పంచాయతీకి తన జీవితకాలంలో బాకీ పడి ఉంటే, ఆ బాకీని ఆ ఆస్తి నుంచి అడగడానికి పంచాయతీకి నిజమైన ఆధారం ఉంది. కొత్త శాసనం ఎప్పుడైనా చేయదలిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. బతికి ఉన్న వారసులున్న చోట ముందు నోటీసు, అభ్యంతరం చెప్పుకునే గడువు, రిజిస్టరు సవరణ, ఈ మూడూ కావాలి.

కొబ్బరితోట, రాజోలు దగ్గర

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఐదు వారాల తరువాత రాస్తున్నాను, అంతవరకు జరిగింది చెబుతాను.

ఉద్గమ్‌లో మూడుసార్లు వెతికాక, నాలుగోసారి ఇంటిపేరు చివర పెట్టి, వెంకట తీసేస్తే నాన్నగారి పేరు కనిపించింది. పాత లెడ్జరు గారు చెప్పి ఉండకపోతే రెండోసారికే మానేసేవాడిని. బ్రాంచిలో చిరిగిన రసీదును అద్దం కింద పెట్టుకుని చూసి, పాత నంబరు పట్టుకుని నిర్ధారించారు. నామినీగా అమ్మ పేరు ఉంది. పంట రుణం బాకీ లేదు. కాగితాలన్నీ ఇచ్చి పది రోజులైంది.

పంచాయతీలో రసీదు నకళ్లు ఇచ్చాను. కార్యదర్శిగారు పాత రసీదు పుస్తకాలు వెతికి ఒక ఏడాది జమ దొరికిందని, రెండోది ఇంకా చూస్తున్నామని చెప్పారు. మిగిలిన ఆరేళ్ల బకాయి నా జేబులోంచి ఈ సోమవారం కట్టాను. ఇల్లు నలుగురి పేరు మీదకు మార్చమని దరఖాస్తు కూడా అప్పుడే ఇచ్చాను.

ప్లీడరు గారు రాసింది చదివిన రోజు రాత్రి చెల్లెలికి ఫోను చేసి రసీదు వెనుక ఉన్న మాట చదివి వినిపించాను. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆ రసీదును బ్యాంకుకు ఇచ్చేముందు వెనుకవైపు కూడా ఫోటో తీసి పంపమని అడిగింది. పంపాను. సొమ్ము వచ్చాక ఎవరి వాటా ఎంత అన్నది అమ్మ ముందు కూర్చుని తేల్చుకుంటాము. తమ్ముడు తన వాటా వద్దని ఇప్పటికే చెప్పాడు.

కాలువగట్టు గారు చెప్పిన గ్రామసభ ఆలోచనను మా సర్పంచిగారికి చెప్పాను. వచ్చే సభలో మాట్లాడమన్నారు. తాళాలు వేసిన ఇళ్లవారి ఫోను నంబర్లు సేకరించే పని నేను తీసుకున్నాను, ఇప్పటికి ఇరవై మూడు దొరికాయి. మీలో ఎవరైనా ఇటువంటి పని మీ ఊళ్లో చేసి ఉంటే, నోటీసులో ఏమి రాశారో దయచేసి ఇక్కడ పెట్టండి.